అపార్ట్‌మెంట్ డాబా మీద కోళ్లు: మే నెలను చూసి గూడు కట్టండి

మీ ప్రశ్న చదివాను. హైదరాబాద్‌లో అయిదంతస్తుల అపార్ట్‌మెంట్, పై అంతస్తులో మీ ఫ్లాటు, డాబా ఖాళీగానే ఉంటుంది. పిల్లలకు మంచి గుడ్లు పెట్టాలని, ఒక పుంజుతో కలిపి పది నాటుకోళ్లు పెంచాలని అనుకుంటున్నారు. సాధ్యమేనా, ఎంత ఖర్చవుతుంది, ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు. పిల్లలు ముచ్చటపడి రోడ్డు పక్కన కొన్న రెండు రంగు కోడిపిల్లలు ఇప్పటికే ఇంట్లో ఉన్నాయని కూడా రాశారు. పశువైద్యుడిగా ఉద్యోగమంతా కోళ్లు, పశువుల మధ్యే గడిపాను. విరమణ తర్వాత మా డాబా మీద కోళ్లు పెంచుతున్నాను. అందుకే కాస్త వివరంగా చెబుతాను.

సాధ్యమే. అయితే పది కాదు, ఆరు చాలు. పుంజు వద్దు. నాటుకోళ్లకు బదులు గ్రామప్రియ లాంటి రకం తీసుకోండి. వీటికి కారణాలు కింద చెబుతాను గాని, అంతకంటే ముందు ఎండ గురించి మాట్లాడాలి. డాబా మీద పెంచేవాళ్లు సలహా కోసం నా దగ్గరకు వచ్చినప్పుడు జబ్బుల గురించి, దాణా గురించి అడుగుతారు. వాళ్ల కోళ్లు మాత్రం ఎక్కువగా ఏప్రిల్, మే నెలల్లో, మధ్యాహ్నం పన్నెండుకూ సాయంత్రం అయిదుకూ మధ్య చనిపోతాయి.

కోడి శరీర ఉష్ణోగ్రత మామూలుగానే 41 డిగ్రీల దగ్గర ఉంటుంది. దానికి చెమట గ్రంథులు లేవు. ఒంట్లో వేడి బయటికి పంపడానికి దానికున్న ముఖ్యమైన దారులు రెండు: రెక్కలు దూరంగా చాపి గాలి తగలనివ్వడం, నోరు తెరిచి రొప్పడం. గాలి వేడి 32 డిగ్రీలు దాటితే ఇబ్బంది మొదలవుతుంది. 40 దగ్గరకు వస్తే రొప్పి కూడా లాభం ఉండదు. పల్లెలో కోడికి ఎండ ఎక్కువైతే చింతచెట్టు కిందికో, గడ్డివాము పక్కకో వెళ్లి మట్టిని గోకి చల్లటి గుంతలో పడుకుంటుంది. డాబా మీద దానికి ఆ అవకాశం లేదు. పైగా శ్లాబు పగలంతా వేడిని పీల్చుకుని రాత్రంతా వదులుతుంది. కింద నేల మీద పెరిగే కోడికి రాత్రి దొరికే ఊరట డాబా మీది కోడికి దొరకదు. ఈ తేడా తెలియక చాలామంది పల్లెలో చూసిన గూడునే తెచ్చి డాబా మీద పెడతారు.

కాబట్టి కోళ్లు కొనేముందు ఒక వేసవిని వాడుకోండి. గూడు పెట్టాలనుకున్న చోట నీడ వల కట్టి, దాని కింద ఒక థర్మామీటర్ వేలాడదీయండి. మే నెలలో మధ్యాహ్నం మూడింటికి, రాత్రి పదింటికి ఎంత ఉందో చూడండి. మధ్యాహ్నం 40 దాటినా నీళ్లు, గోనె సంచులు, ఫ్యాను సాయంతో నెట్టుకురావచ్చు. రాత్రి పదింటికి కూడా 35 కిందికి దిగకపోతే ఆ చోట కోళ్లు పెట్టకండి. డాబా మీదే ఇంకో మూల చూడండి. సాధారణంగా మెట్ల గదికి గాని, లిఫ్ట్ గదికి గాని తూర్పు వైపున, మధ్యాహ్నం దాటాక గోడ నీడ పడే చోటు అన్నిటికంటే మంచిది.

గూడును నేల మీద పెట్టవద్దు. ఇనుప కాళ్లో, ఇటుక దిమ్మెలో వేసి కనీసం రెండడుగుల ఎత్తున నిలబెట్టండి. శ్లాబు వేడి నేరుగా తగలదు, కింద గాలి ఆడుతుంది, వానాకాలంలో కింద తడి నిలవదు. పైకప్పుకు సిమెంటు రేకు వేస్తే దానిపై తెల్ల సున్నం కొట్టండి. దానికి అడుగుపైన ఆకుపచ్చ నీడ వలను విడిగా కట్టండి. వలకూ రేకుకూ మధ్య గాలి ఆడే ఖాళీ ఉండాలి. వలను రేకు మీదే పరిస్తే సగం లాభం పోతుంది. తాటాకు చల్లగా ఉంటుందని చాలామంది వేస్తారు, నిజమే. కాని దీపావళి రాత్రి ఎక్కడి తారాజువ్వ ఎక్కడ పడుతుందో చెప్పలేం. అయిదంతస్తుల మీద నిప్పంటుకుంటే కోళ్లతో పోయేది కాదు. తాటాకు వేసినా దసరాకల్లా తీసేయండి.

నీళ్ల విషయం ఇంకా ముఖ్యం. డాబా మీద కుళాయి తిప్పితే మే నెలలో చేయి కాలే నీళ్లు వస్తాయి. ప్లాస్టిక్ తొట్టిలో పోసిన నీళ్లు పదకొండింటికల్లా వేడెక్కుతాయి. కోళ్లు వేడి నీళ్లు తాగడం తగ్గించేస్తాయి. అవి దప్పికతో పోవడానికి తొట్టి ఖాళీ కావలసిన పని లేదు. మట్టి తొట్టెలు రెండు పెట్టి, ఇంట్లోంచి తెచ్చిన చల్లటి నీళ్లు పగలు మూడుసార్లు మార్చండి. మామూలు రోజుల్లో కోడి పావు లీటరు తాగితే ఎండల్లో అర లీటరు దాకా తాగుతుంది. పశువుల మందుల దుకాణంలో ఎలక్ట్రోలైట్ పొడి దొరుకుతుంది, వడగాడ్పుల రోజుల్లో ఒక పూట నీళ్లలో కలపండి. దాణా మాత్రం ఉదయం తొమ్మిది లోపు, సాయంత్రం అయిదు తర్వాతే వేయండి. తిన్నది అరిగేటప్పుడు ఒంట్లో వేడి పుడుతుంది. మిట్టమధ్యాహ్నం దాణా నిండుగా ఉంచడం దాని మీద ప్రేమ అనిపించినా ప్రాణం మీదికి తెస్తుంది. కోడి రెక్కలు వాల్చి, కళ్లు మూసుకుని, తురాయి నీలంగా మారుతుంటే వెంటనే నీడకు తీసుకెళ్లి కాళ్లు, పొట్ట కింది భాగం మామూలు చల్లదనం ఉన్న నీళ్లలో ముంచండి. ఐసు నీళ్లు పోయకండి.

మే నెలలో గుడ్డు పెంకు పలచబడితే కంగారుపడి కాల్షియం గుమ్మరిస్తుంటారు. ఎండకు రొప్పే కొద్దీ రక్తంలోంచి బొగ్గుపులుసు వాయువు బయటికి పోతుంది. పెంకు తయారయ్యే సున్నపు పదార్థానికి అదే మూలం. అందుకే పెంకు పలచబడుతుంది. ఆ రోజుల్లో దానికి కావలసింది చల్లదనం.

ఇక రకం సంగతి. నాటు పెట్ట పన్నెండో పదిహేనో గుడ్లు పెట్టి పొదుగుకు కూర్చుంటుంది. మళ్లీ గుడ్లకు వచ్చేసరికి నెలలు గడుస్తాయి. అసీల్ జాతి పందేలకు పేరుపడింది గాని ఏడాదికి పెట్టే గుడ్లు తక్కువే. కడక్‌నాథ్ గురించి కూడా అడుగుతుంటారు. మధ్యప్రదేశ్‌లోని ఝాబువా జిల్లాది, 2018లో భౌగోళిక గుర్తింపు పొందింది, మాంసానికి పేరున్న కోడి. గుడ్ల కోసమే అయితే అది మీకు అక్కర్లేదు. మీ ఊళ్లోనే రాజేంద్రనగర్‌లో భారత వ్యవసాయ పరిశోధన మండలి వారి కోళ్ల పరిశోధన సంచాలనాలయం ఉంది. వనరాజా, గ్రామప్రియ రకాలు అక్కడ రూపొందినవే. వనరాజా బరువైన కోడి, మాంసానికీ గుడ్లకూ పనికొస్తుంది గాని బరువు కోళ్లే ఎండకు ముందు పడిపోతాయి. గ్రామప్రియ తేలిక, గోధుమరంగు గుడ్డు పెడుతుంది, పెరటి పెంపకంలో ఏడాదికి 160 నుంచి 180 వరకు ఆశించవచ్చు. పొదుగు బుద్ధి తక్కువ. డాబాకు నా ఓటు దానికే. మెడ మీద ఈకలు లేని రకం కోళ్లు దొరికితే అవి కూడా వేడికి బాగా తట్టుకుంటాయి.

ఒకరోజు వయసు కోడిపిల్లల్ని కొనకండి. మొదటి వారం వాటికి 35 డిగ్రీల వెచ్చదనం కావాలి, వారానికి మూడేసి డిగ్రీలు తగ్గిస్తూ రావాలి. అది కూడా నేర్చుకోవచ్చు, అసలు చిక్కు టీకాల దగ్గర వస్తుంది. కొక్కెర తెగులు అనే ప్రాణాంతక వైరస్ జబ్బుకు మొదటి వారంలో కంట్లో చుక్క, రెండో వారంలో గంబోరో అనే మరో వైరస్ జబ్బుకు టీకా, నాలుగైదు వారాలకు మళ్లీ చుక్కలు, ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మశూచి టీకా, ఆ వెనకే కొక్కెర తెగులుకు సూది. ఈ టీకా సీసాలు వందల కోళ్లకు సరిపోయేలా వస్తాయి. చల్లదనం తగ్గకుండా తేవాలి, కలిపాక రెండు గంటల్లో వాడేయాలి. ఆరు కోళ్ల కోసం ఇంత తతంగం ఎవరూ సరిగ్గా చేయలేరు. టీకాలన్నీ పూర్తయిన పది పన్నెండు వారాల పెట్టల్ని, ఏ టీకా ఏ రోజు వేశారో రాసిన కాగితంతో సహా కొనండి. ధర ఎక్కువే, ఆ డబ్బుకు విలువ ఉంది.

ఇప్పుడు మీ ఇంట్లో ఉన్న ఆ రెండు రంగు పిల్లల గురించి. గుడ్ల జాతుల హేచరీల్లో మగపిల్లలతో పని ఉండదు. వాటికే రంగులద్ది బళ్ల మీద, సంతల్లో అమ్ముతారు. టీకాలు ఉండవు, వెచ్చదనం లేకుండా ఎండలో వానలో తిరిగి వస్తాయి, వారం లోపే ఎక్కువ భాగం పోతాయి. మీ పిల్లలు వాటికి పేర్లు కూడా పెట్టి ఉంటారు కాబట్టి కాపాడే ప్రయత్నం చేయండి. అట్టపెట్టెలో కాగితం పరిచి, ఒక మూల 60 వాట్ల పాతకాలపు బల్బు వేలాడదీయండి. కోడిపిల్లలు బల్బు కిందే గుమిగూడితే చలి, దూరంగా పారిపోతే వేడి ఎక్కువ, పెట్టె అంతటా తిరుగుతుంటే సరిపోయిందని అర్థం. చిక్ మాష్ అనే కోడిపిల్లల దాణా, కాచి చల్లార్చిన నీళ్లు చాలు. బతికితే నాలుగైదు నెలలకు రెండూ కూత మొదలుపెడతాయి, అప్పటికి పల్లెలో ఎవరింటికి పంపాలో ఇప్పుడే అనుకోండి. కొత్తగా తెచ్చే పెట్టలతో వీటిని కలపవద్దు. పిల్లలు మళ్లీ అలాంటి బండి దగ్గర ఆగితే కొనకండి. కొనేవాళ్లు ఉన్నంతకాలం ఆ వ్యాపారం ఆగదు. చేతుల్లో రంగు పిల్లలు ప్రాణాలు వదులుతుంటే ఏమీ చేయలేక చూస్తూ కూర్చోవడం ఏ పిల్లవాడికీ రాకూడదు.

పుంజు ఎందుకు వద్దంటున్నానో మీకు తెలిసే ఉంటుంది. పెట్ట గుడ్డు పెట్టడానికి పుంజుతో పని లేదు, పిల్లలు పొదిగించాలంటేనే కావాలి. నాలుగింటికే మొదలయ్యే కూత పక్క అపార్ట్‌మెంట్ దాకా వినిపిస్తుంది. పెట్టలు కూడా గుడ్డు పెట్టాక అయిదు పది నిమిషాలు గోల చేస్తాయి గాని అది పగటిపూట కాబట్టి ఎవరూ పట్టించుకోరు.

పొరుగువాళ్ల మాటకొస్తే, పై అంతస్తులో ఉన్నంత మాత్రాన డాబా మీది కాదు. 2016 నాటి రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం ఉమ్మడి స్థలాల జాబితాలో టెర్రస్‌ను పేరు పెట్టి చేర్చింది. అసోసియేషన్ సర్వసభ్య సమావేశంలో విషయం పెట్టి, అనుమతిని కాగితం మీద రాయించుకోండి. మాట అనుమతి కార్యవర్గం మారగానే పోతుంది. అడిగేటప్పుడు మీరే హద్దులు చెప్పండి: ఆరుకు మించవు, పుంజు ఉండదు, డాబా మీద కోయడం ఉండదు, వాసన వస్తోందని ఎవరైనా చెబితే ఆ రోజే శుభ్రం చేస్తాను. గుడ్డు ముట్టని కుటుంబాలు ఉంటే సమావేశానికి ముందే వాళ్లింటికి వెళ్లి కూర్చుని మాట్లాడండి. వాళ్ల అభ్యంతరం చాలాసార్లు కోడి మీద కాదు, డాబా మీద వడియాలు పెట్టుకునే చోటు, బట్టలు ఆరేసుకునే తాడు ఏమవుతాయోనన్న దిగులు మీద ఉంటుంది. ఆ దిగులు న్యాయమైనదే. గాలి ఎటు నుంచి ఎటు వీస్తుందో చూసి, గూడును వాటికి దూరంగా పెట్టండి.

వాసన గురించి ఒక లెక్క చెబుతాను. కోడి రోజుకు నూరు గ్రాములకు పైగా రెట్ట వేస్తుంది. ఆరు కోళ్లకు నెలకు ఇరవై కిలోలు. ఆ రెట్ట పొడిగా ఉంటే దాదాపు వాసన రాదు, తడిస్తే అమోనియా లేచి కళ్లు మండుతాయి. కాబట్టి పోరాటమంతా తడి మీదే. గూట్లో నాలుగు అంగుళాల మందాన వరి ఊక పరిచి, రెండు రోజులకోసారి పంజాతో కలియబెట్టండి. నీళ్ల తొట్టి చుట్టూ తడిసిన ఊకను రోజూ తీసేయండి. రాత్రి కూర్చునే దండెం కింద రేకు పళ్లెం పెడితే రెట్టలో సగం దానిలోనే పడుతుంది, పొద్దున్నే దులిపేయవచ్చు. తీసిన ఊకను ఎండుటాకులతో కలిపి మూత ఉన్న డ్రమ్ములో మూడు నెలలు మాగనిస్తే మిద్దెతోటకు దానికి మించిన ఎరువు లేదు. పచ్చి రెట్ట మొక్కకు వేస్తే వేళ్లు మాడిపోతాయి. వానాకాలంలో గూటికి పడమటి వైపు పరదా దించండి. తడి ఊకలో కాక్సీడియా అనే పేగుల్లో చేరే సూక్ష్మజీవి పెరిగి రక్తపు పారుడు పట్టుకునేది అప్పుడే.

ఉమ్మడి నీళ్ల ట్యాంకు దగ్గరకు కోళ్లు ఏ పరిస్థితిలోనూ వెళ్లకూడదు. రెట్టలో సాల్మొనెల్లా అనే, మనుషులకు కడుపు జబ్బు తెచ్చే సూక్ష్మజీవి ఉండవచ్చు, ట్యాంకు మూత మీద పడింది అందరి కుళాయిల్లోకి వస్తుంది. తిరిగే ఆవరణ పైన కూడా వల కప్పేయండి. ఒక వైపు రెక్క ఈకలు కత్తిరించినా సరే పిట్టగోడ మీదికి ఎగిరిన కోడి గాలివాటున రోడ్డు మీద పడుతుంది. వల మరో పని కూడా చేస్తుంది, పావురాలను రానివ్వదు. నగరంలో పావురాలు దాణా కోసం గుంపులుగా దిగుతాయి, కొక్కెర తెగులు జాతి వైరస్ వాటితో రావచ్చు. కోళ్ల జాలి కోడిని ఆపుతుంది గాని పందికొక్కును ఆపదు. కింది రెండడుగులకు అర అంగుళం కళ్లున్న వెల్డు జాలి బిగించండి. రాత్రి దాణా గూట్లో వదలకండి, నిల్వ మూత బిగిసే డ్రమ్ములో ఉంచండి. అపార్ట్‌మెంట్‌లో ఎలుకలు పెరిగాయంటే మొదటి వేలు మీ కోళ్ల వైపే చూపిస్తారు.

స్థలం గూట్లో కోడికి నాలుగు చదరపు అడుగులు, తిరగడానికి పది. రెండు మూడు కోళ్లకు ఒక గుడ్ల పెట్టె చాలు. ఒక మూల తొట్టిలో పొడిమట్టి, బూడిద కలిపి పోయండి, అవి దానిలో పొర్లుతూ ఒంటి మీది పేలు వదిలించుకుంటాయి. సిమెంటు నేల మీద పెరిగే కోడికి ఇది సరదా కాదు, అవసరం.

దాణా రోజుకు కోడికి 110 గ్రాములు. ఆరింటికి నెలకు ఇరవై కిలోలు. కిలో నలభై రూపాయలు అనుకుంటే ఎనిమిది వందలు. గుడ్లు సగటున నెలకు ఎనభై అయిదు వస్తాయి. అంటే దాణా ఖర్చే గుడ్డుకు తొమ్మిది రూపాయలు దాటుతుంది, గూడు ఖర్చు వేరే. డబ్బు ఆదా కోసం అయితే ఈ పని పెట్టుకోకండి. ఆకుకూర కాడలు, నూకలు, మిగిలిన అన్నం వేస్తే కొంత తగ్గుతుంది గాని అవి మొత్తంలో అయిదో వంతు దాటితే గుడ్లు తగ్గిపోతాయి. పచ్చసొన ముదురు రంగులోకి వచ్చేది ఆకుకూరల వల్లా, మొక్కజొన్న వల్లా. పెంకు రంగు జాతిని బట్టి వస్తుంది, దానికీ పోషకాలకూ సంబంధం లేదు. బూజు పట్టిన రొట్టె, వేరుశనగ చెక్క మాత్రం వేయకండి. ఆ బూజు విషం కోడి కాలేయాన్ని దెబ్బతీస్తుంది. బజారు చికెన్ కడిగిన నీళ్లు, తోలు ముక్కలు కూడా డాబా మీదికి వెళ్లకూడదు. బయట కోళ్లతో కలవని కోళ్లకు కొక్కెర తెగులు వంటింటి నుంచి కూడా చేరవచ్చు.

రెండు రోజుల్లో ఒకటికి మించి కోళ్లు చనిపోతే కోయకండి, చెత్తబుట్టలో వేయకండి, పశువుల ఆసుపత్రికి కబురు చేయండి. 2025 ఫిబ్రవరిలో తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల్లో బర్డ్‌ఫ్లూ నిర్ధారణ అయింది. వ్యాధి బయటపడిన చోటు చుట్టూ కిలోమీటరు పరిధిలో ఉన్న కోళ్లన్నిటినీ చంపి పూడ్చాలని ప్రభుత్వ నియమావళి చెబుతుంది. ఆ కిలోమీటరులో ఫారం కోడి, డాబా కోడి అన్న తేడా ఉండదు. పిల్లలకు ఈ మాట కూడా ముందే చెప్పి ఉంచండి. కోళ్లను తాకిన ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోవడం మొదటి రోజు నుంచే అలవాటు చేయండి. ఇంట్లో ఉబ్బసం ఉన్నవాళ్లుంటే గూడు శుభ్రం చేసే పని వాళ్లకు అప్పగించకండి.

ముహూర్తం అడిగితే నవంబరు మొదటి వారం అంటాను. వానలు వెళ్లిపోతాయి, దీపావళి టపాకాయల బెదురు చాలా ఏళ్లు అప్పటికే దాటిపోతుంది. ఆ ఏడు దీపావళి నవంబరులో పడితే అది అయ్యాకే తెండి. అప్పుడు పది పన్నెండు వారాల పెట్టల్ని తెస్తే జనవరి చివరికల్లా గుడ్లకు వస్తాయి, ఎండలు ముదిరేలోపు డాబాకు, మీకు అలవాటు పడతాయి.

రెండేళ్లు దాటాక గుడ్లు తగ్గిపోతాయి. కోడి మాత్రం ఆరేడేళ్లు బతుకుతుంది. ఆ తర్వాత వాటిని ఏం చేస్తారో కొనకముందే ఇంట్లో అందరూ కూర్చుని తేల్చుకోండి. గుడ్లు పెట్టకపోయినా ఉంచుకుంటామంటే ఆరుకు బదులు నాలుగే తెచ్చి, కొత్త వాటికి చోటు మిగల్చండి. ఊరికి పంపుతామంటే అక్కడి బంధువుల్ని ఇప్పుడే అడిగి ఒప్పించండి. వాళ్ల దగ్గర ఇదివరకే కోళ్లుంటే, మీవి చేరిన మొదటి మూడు వారాలు విడి గంపలో, విడి నీళ్లతో ఉంచమని చెప్పండి.